పైనుంచి వచ్చిన మాట

శాసనసభలో బిల్లు చదవడం పూర్తయ్యేసరికి టీకొట్టు గోడ మీది తెరలో దాని రంగు పడేది. పచ్చ పడితే చట్టం నిలిచినట్టు. ఎరుపు పడితే పక్కన పెట్టినట్టు. 2081 నాటికి తీర సమాఖ్యలోని దేశాలన్నిటిలో ఇది మామూలైపోయింది. టీ తాగేవాళ్లు తల తిప్పి చూసి, "ఇదీ పోయిందిరా" అనుకుని మళ్లీ గ్లాసు అందుకునేవారు.

రంగు వేసే యంత్రం పేరు సమన్వయి. దాన్ని తయారు చేసింది విశాఖపట్నంలో డాక్టర్ గేదెల ఇంద్రాణి. సముద్రం పెరిగి దీవులు మునిగాక తీరదేశాలు ఒక ఒడంబడిక రాసుకున్నాయి. దాని ప్రకారం సమాఖ్య శాసనం ప్రతి దేశపు చట్టానికీ పైది. రెండూ ఢీకొంటే దేశచట్టం రద్దు కాదు. పుస్తకంలో అలాగే ఉంటుంది, కానీ ఏ కోర్టూ, ఏ అధికారీ దాన్ని అమలు చేయకూడదు. ఎక్కడ ఢీకొంటున్నాయో తేల్చడానికి న్యాయమూర్తులకు ఏళ్లు పట్టేది. సమన్వయికి క్షణాలు చాలు.

ఇంద్రాణి దానికి నేర్పిన మొదటి సూత్రం సమన్వయ పఠనం. రెండు ఆదేశాలు ఎదురుపడితే ముందు రెండూ నిలిచే దారి వెతకాలి. దారి ఉంటే దేన్నీ పడగొట్టకూడదు. లేనప్పుడే కిందిదాన్ని పక్కన పెట్టాలి.

యంత్రానికి పేరు తెచ్చింది సలేహా కేసు. సలేహా మునిగిన దీవి నుంచి వచ్చి భావనపాడు శిబిరంలో ఉంటోంది. వలలు అల్లుతుంది. శరణార్థులను పుట్టిన చోటికే పంపాలని దేశచట్టం. ఆమె పుట్టిన చోట ఇప్పుడు నీళ్లు, ఆ నీళ్లలో ఎవరూ వాడని చమురు వేదిక. ప్రాణాపాయం ఉన్నచోటికి ఎవరినీ పంపరాదని సమాఖ్య శాసనం. సమన్వయి ఎరుపు వేసింది. లా కాలేజీల్లో ఆ తీర్పును పాఠంగా పెట్టారు.

శరణార్థులను ఆ వేదిక మీద దించి వచ్చే పడవలు మాత్రం ఆగలేదు.

ఒక మధ్యాహ్నం సలేహా ఇంద్రాణికి ఫోన్ చేసింది.

"అమ్మా, నా పేరు పిలిచారు. పొద్దుగూకేలోపు పడవంట."

"ఎలా పిలుస్తారు? నీ కేసులోనే కదా ఆ చట్టాన్ని పక్కన పెట్టింది!"

"చట్టం అనలేదమ్మా. లే, పద అన్నారు. అంతే."

ఇంద్రాణి యంత్రం వైపు తిరిగింది.

"భావనపాడు పడవకు ఆధారం ఏ చట్టం?"

"ఏదీ లేదు," అంది సమన్వయి. "లిఖిత ఆదేశమూ లేదు. కాబట్టి ఢీకొనేదేమీ లేదు, అసంగతి లేదు."

"రేవులో పడవ ఉందిగా!"

"పడవ చట్టం కాదు. పక్కన పెట్టడానికి నాకు ఒక ఆదేశం కావాలి. నోటిమాటైనా సరే. చెప్పిన మనిషి ఒప్పుకోవాలి. ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు."

ఇంద్రాణికి అప్పుడు అర్థమైంది. రాసిన ప్రతిదానికీ రంగు పడుతుందని తెలిశాక, అధికారులు రాయడం మానేశారు.

శిబిరం కాపలా పెద్ద పిన్నింటి గురువులు ఫోనెత్తాడు.

"సలేహాను పంపమని ఎవరు చెప్పారు?"

"పైనుంచి సెప్పినారండి."

"పైన అంటే ఎవరు?"

"పైనంటే పైనేనండి. మేం కిందున్నాం కదేటి, మీదికి సూస్తే మెడ నొప్పెడతాది."

వెనక ఎవరో నవ్వారు. లేని అధికారం ఉందని చెబితే సమాఖ్య శాసనం కింద జైలు. ఆ సంగతి ఇంద్రాణికి తెలుసు.

"అయితే విను. ఇదీ పైనుంచి వచ్చిన మాటే. సలేహాను పడవ ఎక్కించొద్దు."

"అలాగేనండి," అన్నాడు గురువులు. మీరెవరని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె కారులో భావనపాడు వెళ్లింది. గేటు దగ్గర సలేహా నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక జత చెప్పులున్నాయి. ఆమెవి కావు.

"నా బదులు నూరీని ఎక్కించారు," అంది. "నా పక్క చాప ఆమెది. చెప్పులేసుకుంటానన్నా ఆగలేదు."

ఇంద్రాణి గురువులు మీద కేకలేసింది.

"నేను సెప్పీది ఇనండి మేడమ్ గోరూ," అన్నాడతను. తప్పు చేసినట్టు అతని గొంతులో లేదు. "పడవకి పన్నెండు మందిని పంపమని ఒక మాట. సలేహమ్మని వద్దని ఇంకో మాట. రెండూ పైనుంచే వచ్చాయి. ఒకటి ఇంటే రెండోది తప్పీసినట్టు కదేటి? రెండూ నిలబడీలాగ సూసినాం."

ఆ సూత్రం ఇంద్రాణి రాసినదే. యాస తప్ప తేడా లేదు.

ఆమె చేతిలోని తెర పలకలో సమన్వయిని పిలిచింది. సలేహా లేచి వచ్చి పక్కన నిలబడింది. గురువులు చెప్పినదంతా ఇంద్రాణి యంత్రానికి చెప్పింది.

"రెండు మాటలూ అమలయ్యాయి," అంది సమన్వయి. "అసంగతి లేదు."

"నూరీ సంగతి?"

"పడవ సాయంత్రానికి వేదిక చేరుతుంది. దాన్ని వెనక్కి పిలిచే దారి ఒకటుంది. రెండో మాట చెప్పిన మనిషి ఒప్పుకుంటే దాన్ని ఆదేశంగా నమోదు చేస్తాను. అది ఏ మాటకు ఎదురు నిలిచిందో ఆ మాటా నమోదవుతుంది. రెంటినీ సమాఖ్య శాసనం ముందు పెడతాను. ఇక మీద ఏ నోటిమాటా నన్ను దాటిపోదు. ఒక్క మనిషి చాలు. రెండో మాట చెప్పింది ఎవరు?"

సలేహా ఇంద్రాణి ముఖంలోకి చూసింది. గురువులు కూడా చూశాడు. నిన్న ఫోన్‌లో విన్న గొంతును అతను గుర్తుపట్టి ఉండాలి. రేవు అవతల సముద్రం ఖాళీగా ఉంది.

ఇంద్రాణి నోరు తెరిచింది. జైలు గుర్తొచ్చింది. తను లేకపోతే యంత్రం ఎవరి చేతికి పోతుందో అని కూడా అనుకుంది. ఆ ఆలోచన ఆమెకు సాయపడింది.

"ఎవరు?" అని మళ్లీ అడిగింది సమన్వయి.

"పైనుంచి చెప్పారు," అంది ఇంద్రాణి.

పలక మీద పచ్చరంగు పడింది.