పెంచలయ్య ఇచ్చిన ఇంజను

రూపేష్‌కు ఒక పాత చిన్న కారు ఉంది. వాళ్ల నాయన కృష్ణమూర్తి బతికున్నప్పుడు కొన్నది. శ్రీ సిటీలో ఉద్యోగానికి కంపెనీ బస్సు వాళ్ల ఊరు చంద్రగిరి దాకా వస్తుంది కాబట్టి, ఆ కారుకు ఆదివారాలే పని. చదునైన రోడ్డు మీద బాగానే పోతుంది. గొడవంతా భాకరాపేట ఘాటు దగ్గరే. భార్య భానుశ్రీ పుట్టిల్లు పీలేరు. అక్కడికి పోవాలంటే ఆ కొండ ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఏసీ ఆపాలి, గేర్లు దించుకుంటూ పోవాలి, వెనక లారీలవాళ్ల తిట్లు పడాలి. పోయిన దసరాకు ఒక మలుపులో బండి ఆగిపోయి వెనక్కి జారింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు ఒడుపుగా పక్కకు తిప్పబట్టి బతికారు. ఆ రోజు నుంచి భానుశ్రీ ఆ కారెక్కడం మానేసింది. అమ్మేయమంది. నాయన చెయ్యి తగిలిన స్టీరింగు. రూపేష్‌కు మనసొప్పలేదు.

ఇంజను మారిస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. చిన్నదైనా, గాలిని లోపలికి తోసి బలం పెంచే టర్బో ఉన్న ఇంజను దొరికితే ఘాటు ఒక లెక్క కాదు. ఆ ఆలోచన పట్టుకున్నాక అతనికి వేరే ధ్యాస లేదు. అట్టపెట్టెలు కత్తిరించి కొత్త ఇంజను ఆకారం చేసి, బానెట్ కింద పట్టి చూసుకునేవాడు. రేడియేటర్ ఎంత ముందుకు జరపాలి, గేరుబాక్సు తట్టుకుంటుందా, బ్రేకులు చాలుతాయా అని చిన్ననాటి స్నేహితుడు పాల్‌ను పొద్దుమాపులూ వేధించేవాడు. పాల్ మెకానిక్కు. కోటకు పోయే రోడ్డులో అతని షెడ్డు, దాని వెనకే ఇల్లు. చివరికి పాల్ కూడా సరదాపడ్డాడు. కారును షెడ్డులో పెట్టించి, బానెట్ ఎత్తి, ఇంజను వెతుకుదాం పద అన్నాడు.

రేణిగుంట అవతల పెంచలయ్య అనే ఆయన పాత బండ్లు విడగొట్టి సామాన్లు అమ్ముతాడు. అక్కడ ఒక మూల రేకు కింద దొరికింది వాళ్లకు కావలసిన ఇంజను. పక్కనే నత్తగుల్లలాగా చుట్టుకుపోయిన టర్బో. ఎక్కడా పగుళ్లు లేవు. దాని చుట్టూ అయిదారు కుక్కలు పడుకుని ఉన్నాయి. ఒకటి అడుగున కారిన నూనెను నాకుతోంది. దాని నాలుక నల్లగా, వాచిపోయి ఉంది. అయినా ఆపడం లేదు. రూపేష్ చూపు తిప్పుకున్నాడు.

పెంచలయ్య బేరమే ఆడలేదు. ఏ బండిదని అడిగితే గుర్తులేదన్నాడు. "తీసకపోతే ఈ పొద్దే తీసకపోండప్పా. ఈ కుక్కల్ని ఎంత కొట్టినా ఈడ్నించి లేవడంల్యా" అన్నాడు. ఆయన పనివాళ్లు గొలుసు వేసి, ముక్కుతూ మూలుగుతూ దాన్ని ఆటో ట్రాలీలోకి ఎక్కించారు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం రూపేష్ షెడ్డుకు పోయేసరికి వాన పట్టుకుంది. ఆకాశమంతా మూసుకుని, మధ్యాహ్నమే మసక చీకటి పడింది. కరెంటు పోయింది. పాత కారు, పాత ఇంజనుతోనే, బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. దాని ముందే, చెక్కదిమ్మెల మీద కొత్త ఇంజను.

గుమ్మంలోనే వాసన కొట్టింది. మొదట చేపలబుట్ట వాసన అనిపించింది. తర్వాత మురిగిపోయిన మాంసం. ఆ తర్వాత, అన్నిటికంటే అసహ్యంగా, జ్వరం వచ్చిన మనిషి దుప్పటి వాసన. పాల్ ముక్కుకు తువ్వాల కట్టుకుని డీజిలుతో కడుగుతున్నాడు. తన భార్య కృపామణి రెండు రోజులుగా షెడ్డు వైపు తలుపు తీయడం లేదని, అన్నం కూడా సహించడం లేదని చెప్పాడు.

"లోపల ఎలక సచ్చుంటాదిలే" అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

ఎంత కడిగినా జిడ్డు పోవడం లేదు. గీకిన చోటల్లా మీగడలాంటి పొర లేస్తోంది. బూడిదరంగులో, సాగుతూ... దాని కింద ఇనుము నున్నగా, తడితడిగా ఉంది. ఈగలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, తోలినా లేవడం లేదు. రూపేష్ వేలితో ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ఇంజనుకు బ్యాటరీ లేదు, పెట్రోలు లేదు. కదిలించి కూడా వారమవుతోంది.

పాల్ క్లిప్పు వదులు చేసి, టర్బోకు గాలి పోయే రబ్బరు గొట్టాన్ని ఊడదీశాడు. టర్బో నోట్లో ఏదో అడ్డంగా ఇరుక్కుని ఉంది. పట్టకారుతో పట్టి లాగాడు.

వెంట్రుకలు.

జడంత పొడుగు. వస్తూనే ఉన్నాయి. మూరెడు... బారెడు... తడిసి ముద్దయిన నల్లటి వెంట్రుకలు. ఆ కంపులోంచి సన్నగా కొబ్బరినూనె వాసన. వాటి మధ్య అక్కడక్కడా తెల్లగా చిన్న చిన్న తొక్కలు అంటుకుని ఉన్నాయి. అవి మనిషి తల చర్మమని అర్థమై రూపేష్ పక్కకు తిరిగి కక్కుకున్నాడు. మూతి తుడుచుకుని తిరిగి చూసేసరికి పాల్ లాగడం ఆపేసి, ఉన్నవాడు ఉన్నట్టే నిలబడిపోయాడు.

పట్టకారు మెల్లగా ముందుకు పోతోంది.

విసురుగా కాదు. తల దువ్వేటప్పుడు చిక్కు తగిలి నొప్పి పుట్టిన మనిషి, తల వెనక్కి తీసుకున్నట్టు.

"నేను లాగడంల్యా" అన్నాడు పాల్, గుసగుసగా.

పట్టకారు వదిలేశాడు. అది నేలమీద పడింది. వెంట్రుకలు సర్రున లోపలికి పోయాయి... మొత్తం. ఆ వెనకే టర్బోలోని రెక్కలు తిరిగాయి. నిదానంగా. షెడ్డులో గాలంతా అటే పోతున్నట్టు అనిపించింది. ఈగలు లేచి, వరుసగా ఆ నోట్లోకి పోయాయి. తర్వాత రెక్కలు ఆగాయి.

రూపేష్ పారిపోవాలనుకున్నాడు.

ఇంజను ఊపిరి వదిలింది.

వెచ్చటి గాలి వచ్చి అతని ముఖానికి కొట్టింది. పాచినోటి కంపు. దాంతోపాటు చిక్కటి తుంపర. కళ్లు మూసుకున్నాడు గానీ నోరు మూసుకోలేకపోయాడు. నాలుక మీద ఏదో పడింది. ఉప్పగా, జిగురుగా... ఉమ్మేలోపే గొంతు దిగిపోయింది.

ఇద్దరూ వానలోకి పరుగెత్తారు. కృపామణి ఇంటి వసారాలో నిలబడి ప్రార్థన చేస్తోంది. వీళ్లను చూసి లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి రూపేష్ చేతిలో పెట్టింది. అతను చెంబు తర్వాత చెంబు పుక్కిలించాడు. గొంతులోని జిగురు పోలేదు.

వాన వెలిశాక, ఆటో ట్రాలీ పిలిపించి, ముఖాలకు గుడ్డలు కట్టుకుని మళ్లీ లోపలికి పోయారు. షెడ్డులో వాసన లేదు. కంపు పోయి ఒట్టి డీజిలు వాసన మిగిలింది. రెక్కలు కదల్లేదు. గొలుసు వెయ్యబోతూ పాల్ ఇంజనును ఊరికే ఒక పక్క ఎత్తి చూశాడు. లేచింది. అంతమంది మూలుగుతూ ఎత్తినదాన్ని ఇద్దరే మోసుకుపోయి ట్రాలీలో పెట్టారు. ఆ సంగతి ఒకరితో ఒకరు అనుకోలేదు.

పెంచలయ్య వద్దనలేదు. అదే రేకు కింద దించమన్నాడు. కుక్కలు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పడుకున్నాయి. ఒక్కటి కూడా దగ్గరికి రాలేదు. ఆయన కుక్కల వైపు చూశాడు, ఇంజను వైపు చూశాడు.

"దాన్ని యాడ దించొచ్చినారప్పా?" అన్నాడు మెల్లగా.

ఇదో, ఈడనే కదా దించినాము అని రూపేష్ ఇంజను చూపించాడు. పెంచలయ్య గబగబా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే రూపేష్ తన పాత కారును ఇంటికి తెచ్చుకున్నాడు. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, మెత్తగా నడిచింది. ఇంజను మార్చే ఆలోచన ఇక ఈ జన్మకు వద్దనుకున్నాడు. కారు అమ్మేద్దామని భానుశ్రీతో అన్నాడు. ఆమె సంతోషపడింది.

తెల్లవారి వాకిట్లో ముగ్గు వేస్తున్న అమ్మ నిర్మలమ్మ అతన్ని పిలిచింది. కారు కింద ఏదో కారి ఉంది. కాస్త పసుపు కలిసి, తెల్లగా. రూపేష్ బానెట్ ఎత్తి, నూనె చూసే కడ్డీ లాగాడు. దానికీ అదే అంటుకుని ఉంది, చిక్కగా. పాల్‌కు ఫోన్ చేశాడు. ఏం భయం లేదని, రేడియేటర్ నీళ్లు నూనెలో కలిస్తే అట్లే తెల్లబడుతుందని, పాత బండ్లకు మామూలేనని పాల్ చెప్పాడు. రూపేష్‌కు ప్రాణం లేచివచ్చింది.

ఈలోగా నిర్మలమ్మ కింద పడిన దాన్ని వేలికి అద్దుకుంది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది. వాసన చూసింది. అయినవాళ్ల ఇళ్లల్లో ఎన్నో పురుళ్లు చూసిన మనిషి ఆమె. ఉన్నట్టుండి ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుంది. కొంగుకు కూడా తుడుచుకోలేదు.

"ఇది నూనె కాదురా" అంది. "పాలు. బిడ్డ పుట్టినాక తల్లికి మొదట పడే పాలు."

రూపేష్ బానెట్ దబ్బున మూసేశాడు. వీధి ఇంకా లేవలేదు.

మూసిన బానెట్ కింద... మెత్తగా, ఆత్రంగా... ఏదో చప్పరిస్తోంది.