బ్లక్కా జూలుకి జడ

చీకటి పడితే హల్వోర్ గుర్రపుశాల వైపు ఎవరూ వెళ్లేవారు కారు. నార్వేలోని ఆ లోయలో చలికాలం మధ్యాహ్నానికే చీకటి పడుతుంది. కాబట్టి అసలు వెళ్లేవారు కారనే చెప్పుకోవాలి.

లోపల ఉన్నది ఒక్క ముసలి ఆడగుర్రం, బ్లక్కా. రాత్రిపూట ఎవరో దానికి సేవలు చేస్తున్నారు... తెల్లారేసరికి లద్ది ఎత్తి ఉంటుంది, గిట్టల్లో గడ్డకట్టిన మంచు గీకి ఉంటుంది. జూలు — జడ అల్లి ఉంటుంది.

"కొట్టంలో ఉండే పొట్టి భూతం పనే అది," అంది పాలు పితికే పనిమనిషి ఓసే. "దానికి జావ మీద వెన్నముద్ద వేసి పెట్టండి అయ్యగారూ. అలిగిందంటే గుర్రం దక్కదు."

ఆ నాలుగు పాయల జడ హల్వోర్‌కి తెలుసు. అలా అల్లేది తమ్ముడు ఐలేవ్ ఒక్కడే.

తండ్రి పోగానే పొలమంతా పెద్దవాడు హల్వోర్‌కే వచ్చింది. ఐలేవ్ అడిగింది బ్లక్కా ఒక్కదాన్నే. అది పిల్లగా ఉన్నప్పటి నుంచి సాకినవాడు. పొద్దున్నే దాని మెడకి చెంప ఆనించి వెచ్చబడందే కాఫీ అయినా తాగేవాడు కాదు.

"పొలం గుర్రం పొలంలోనే ఉంటుంది. నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు హల్వోర్.

ఐలేవ్ సముద్రం మీద చేపల వేటకి పోయాడు. పడవ తిరిగి రాలేదు. ఇక్కడ బ్లక్కా హల్వోర్ పెట్టిన గడ్డి ముట్టడం మానేసింది. అయినా ఈమధ్య తేరుకుంటోంది...

ఆ రాత్రి హల్వోర్ ఒక్కడే వెళ్లాడు. దెయ్యాన్ని తరమడానికి కాదు, క్షమించమని అడగడానికి.

తలుపు సందులోంచి చూశాడు. లోపల చిన్న దీపం. అటు తిరిగి నిలబడి — ఐలేవ్ గొర్రెతోలు కోటు! అది చేయి చాపి గడ్డి అందిస్తుంటే బ్లక్కా నములుతోంది.

హల్వోర్ తలుపు తోసుకుని లోపలికెళ్లి మోకరిల్లాడు.

"ఐలేవ్... తప్పు నాదేరా. గుర్రం నీదే. ఇంటికొచ్చెయ్యరా."

కోటు మెల్లగా ఇటు తిరిగింది. లోపల ఉన్నది — అమ్మ.

"ఈ మాట వాడు గుమ్మం దిగుతున్నప్పుడు అనాల్సిందిరా," అంది తల్లి గున్‌హిల్డ్. "వాడి సామానంతా కాల్చెయ్యమన్నావు. ఇదొక్కటి దాచాను. దీని వాసన తగిలితేనే ఆ మూగజీవి తింటోంది."

హల్వోర్ వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి లేచి ఆ జూలు నిమిరాడు.

"జడ కూడా అచ్చం వాడిలాగే అల్లావమ్మా."

ముసలావిడ చేతులు దీపం ముందు పెట్టింది. కీళ్లవాతానికి వంకర్లు తిరిగిపోయిన వేళ్లు...

"చెంచా పట్టుకోలేని చేతులురా ఇవి. నేను మేత పెడతానంతే. మిగతావన్నీ నువ్వు చేస్తున్నావనుకున్నాను. నీ మనసు కరిగిందనుకుని... నిన్ను మన్నించాను కూడా."

ఆ చలికాలమంతా హల్వోర్ గుర్రపుశాలలోనే పడుకున్నాడు. లద్ది తనే ఎత్తాడు, గిట్టలు తనే గీకాడు, తలుపు గడియ పెట్టకుండా తమ్ముడి కోసం ఎదురుచూశాడు.

బ్లక్కా జూలుకి మళ్లీ జడ పడలేదు.