గాలిమిట్ట మీద గ్యాస్ పొయ్యి

కారంపూడి నుంచి బట్టీలపాలెం పోయే అడ్డదారిలో గాలిమిట్ట ఉంది. పొద్దుగూకాక ఆ మిట్ట మీద ఎవరూ అగ్గిపుల్ల గీయరు.

గీసినా వెలగదు.

బీడీ అంటించుకుందామని ఆగితే చెవి పక్కనే ఎవరో "ఉఫ్" అంటారంట. రెండో పుల్ల గీస్తే మళ్ళీ... "ఉఫ్". మూడో పుల్ల గీసేదాకా అక్కడ నిలబడ్డ మొనగాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేడు.

ఒకప్పుడు అది సున్నపురాయి క్వారీ. రాయి పేల్చే మందు దాచిన గది ఇంకా ఉంది. కప్పు పోయింది, తలుపు పోయింది, గోడలు మిగిలాయి. వత్తి అంటించబోయి పేలుడులో పోయిన ఒకాయన పెళ్ళాం ఆ మందుగదిలోనే ఉండిపోయిందని, ఇంకెవరూ నిప్పు ముట్టించకుండా ఊదేస్తా ఉంటుందని చెప్పుకుంటారు. ఆమె పేరేందని అడిగితే ఎవరికీ తెలీదు. ఆయనది ఏ ఊరంటే తలా ఒక ఊరు చెప్తారు. ఆమె ఉందా అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. ఉంది!

రెండేళ్ళుగా దానికి ఇంకోటి తోడైంది. రాత్రి తొమ్మిది దాటాక గోడల వెనక గుసగుసలు... మధ్య మధ్య నవ్వు. గొర్రెలు తప్పిపోయి వెతుక్కుంటా అటు పోయిన షఫీక్ ఆ నవ్వు విని మూడు రోజులు జ్వరంతో లేవలేదు.

ఇవన్నీ బెంజిమిన్ మాస్టారికి నవ్వులాటగానే ఉండేవి — తన క్లాసులో నాలుగు చోట్లు ఖాళీ అయ్యేదాకా.

ఆయన కారంపూడి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాడు. ఫిబ్రవరి నెల. పదో తరగతికి సాయంత్రం ఆరింటిదాకా స్పెషల్ క్లాసులు. బట్టీలపాలెం ఆడపిల్లలు అడ్డదారిన నడిచిపోతే అరగంట, రోడ్డు చుట్టి పోతే ఆరు కిలోమీటర్లు. చీకటిపడే వేళ మిట్ట ఎక్కడం భయమని నలుగురు బడే మానేశారు. అందులో సాయి ప్రియ కూడా ఉంది. క్లాసు మొత్తానికి ఫస్టు వచ్చే పిల్ల. పరీక్షలు ఇంకో నెల ఉన్నాయి.

మాస్టారు పాలెం పోయి సాయి ప్రియ వాళ్ళ నాన్న అంకమ్మరావు ముందు కూర్చున్నాడు. అంకమ్మరావు రాళ్ళ లారీ తోలతాడు. ఎంతటి ఘాట్ రోడ్డయినా తోలతాడు గానీ గాలిమిట్ట పేరెత్తితే గొంతు తగ్గిస్తాడు.

"దెయ్యం లేదు, ఏమీ లేదు అంకమ్మరావూ. పైన గాలెక్కువ. అందుకే పుల్ల ఆరిపోద్ది."

"నేను చెప్పేదీ అదే గదా మాస్టారూ. పైన గాలుంది."

"ఆ గాలి కాదయ్యా!"

పల్నాట్లో వీచేదీ గాలే, పట్టేదీ గాలే. ఏ గాలి గురించి చెప్తున్నాడో పావుగంటసేపు వివరించి మాస్టారే అలిసిపోయాడు. చివరికి ఒక మాట జారాడు.

"శనివారం రాత్రి ఒక్కణ్ణే పైకి పోతా. పొయ్యి వెలిగిస్తా. నూడుల్స్ వండుకుని తిని, వీడియో తీసుకుని దిగొస్తా. అప్పుడు పంపుతారా?"

"పొయ్యి వెలిగితే పంపుతాం," అన్నాడు అంకమ్మరావు.

మాస్టారి దగ్గర ఒక పొయ్యి ఉంది. కొండలెక్కేవాళ్ళు సంచిలో వేసుకుపోయే రకం. మడిస్తే గుప్పెట్లో ఇమిడిపోతుంది. చెంబంత గ్యాస్ డబ్బా నెత్తిన దాన్ని బిగించి, నాబు తిప్పి వెలిగించడమే. ఎప్పటికైనా నల్లమల చూడాలని ఆన్‌లైన్లో కొన్నాడు. కొన్నప్పటినుంచీ అది బీరువా మీదే ఉంది.

శనివారం ఏడింటికి ఎక్కాడు. డబ్బా మీద పొయ్యి బిగించి లైటరు నొక్కాడు. నీలం మంట లేచింది... పక్కకి పడుకుంది... "ఉఫ్."

మళ్ళీ నొక్కాడు. "ఉఫ్."

గాలే, గాలే అని పైకి అనుకుంటా మూడోసారి నొక్కాడు. ఆయన ఒళ్ళు అడ్డం పెట్టినా ఆ మంట ఒక్క క్షణం నిలిచి, ఎవరో బుగ్గలు పూరించి ఊదినట్టు పోయింది. ఆ తర్వాత ఆయనకి గుర్తున్నది మిట్ట అడుగుభాగమే. దిగొచ్చాడు అనడం మన మర్యాద.

సోమవారానికి నాలుగు ఖాళీలు తొమ్మిదయ్యాయి.

"నువ్వు పోకుండా ఉంటే ఐదుగురు మిగిలేవాళ్ళు," అంది భార్య షెర్లీ, అన్నం వడ్డిస్తా.

ఆయన ముద్ద కలుపుకున్నాడు.

"అయినా అంత గాల్లో బోడిపొయ్యి ఎట్టా వెలిగిద్ది? బస్టాండు కాడ బజ్జీల బండి చూడలేదా? పొయ్యికి మూడు పక్కలా రేకు కట్టుకుంటాడు. ఇన్నేళ్ళు ఫిజిక్స్ చెప్పావు!"

ఆ రాత్రే ఆయన ఫోన్లో వెతికాడు. ఈ చిన్నపొయ్యిలకీ అలాంటి రేకు దొరుకుతుంది. ఎనిమిది పల్చటి అల్యూమినియం రేకులు, మడతబెడితే నోటుపుస్తకమంత, విప్పితే పొయ్యి చుట్టూ దడి. నాలుగు రోజుల్లో వచ్చింది. దానితోపాటు చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాల కాగితం కూడా ఒకటి వచ్చింది. ఆయన దాన్ని చదవలేదు.

"ఈసారి గాలికి అడ్డం తెచ్చా," అని పాలెంలో చెప్పాడు.

అంకమ్మరావు రేకుని రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు. "యాడ కట్టించారు మాస్టారూ? మంత్రం రాసినట్టు లేదే?"

"మంత్రం కాదయ్యా. ఇది పొయ్యి చుట్టూ పెడితే గాలి దగ్గరికి రాదు, అంతే."

"అంతకంటే ఏం కావాలి! చిన్న ముక్క కత్తిరించిస్తే మా పిల్ల మెళ్ళో కడతా."

ఈసారి పాలెంవాళ్ళు పందెం బిగించారు. ఏడింటికి కాదు, గుసగుసలు మొదలయ్యే వేళకే పోవాలి. అంకమ్మరావు ఇంకో నలుగురితో మిట్ట కింద టార్చిలైట్లు పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ఒక్కడే పైకెక్కాడు.

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. గాలి రివ్వుమంటోంది. మందుగది గోడ వారగా పొయ్యి పెట్టి, ఏ పక్కా సందు లేకుండా రేకుని గుండ్రంగా చుట్టేశాడు. పొయ్యీ, గ్యాస్ డబ్బా, మొత్తం లోపల. లైటరు నొక్కాడు.

మంట లేచింది. నిలిచింది... ఊగనుకూడా లేదు.

"చూశారా!" అన్నాడు ఫోన్ కెమెరా వైపు చూసి. గిన్నె పెట్టి, నీళ్ళు కాగాక నూడుల్స్ వేశాడు.

అప్పుడు...

గోడ అవతల నుంచి... చానా మెల్లగా...

"వినపడతందా...?"

మాస్టారి చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏంది మాట్లాడవు...? వినపడతందా...?"

చదువుకున్న మనిషి. అడిగినదానికి జవాబు చెప్పకపోతే ఏమవుద్దో అనే భయం ఒకటి. "వి... వినపడతంది," అన్నాడు లోగొంతుకతో.

"ఏం వండావు...?"

"నూ... నూడుల్స్."

"కారం ఎక్కువేశావా...?"

"ప్యాకెట్లో వచ్చిందే వేశా."

"నీ కొడుకు పడుకున్నాడా...?"

"మాకు కొడుకుల్లేరండీ... ఇద్దరూ ఆడపిల్లలే."

గుసగుస ఆగిపోయింది. గాలి కూడా ఆగినట్టు అనిపించింది. తర్వాత, ఇంకా మెల్లగా...

"ఉండు... ఇక్కడెవరో ఉన్నారు."

దెయ్యం నోట ఆ మాట వినేసరికి ఆయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. బడిలో తొమ్మిది ఖాళీలు, కింద ఐదుగురు మగాళ్ళు, ఇంట్లో షెర్లీ, మూడూ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి.

పగిలిన గోడ మీదుగా ఒక తల లేచింది. నెరిసిన జుట్టు. కిందనుంచి తెల్లటి వెలుగు పడి ముఖమంతా గుంటలు. ఆ కళ్ళు ఆయన్ని చూడలేదు... పొయ్యిని చూశాయి. గుండ్రంగా మారాయి.

"ఓరి నీ దుంపతెగ!"

ఒక్క ఉదుటున గోడ దాటి వచ్చింది. చీరకొంగు చేతికి చుట్టుకుని రేకుని అవతలికి లాగి పారేసింది. నాబు తిప్పి మంట ఆర్పేసింది. గిన్నె బోర్లాపడి నూడుల్స్ నేలపాలయ్యాయి.

"గ్యాస్ డబ్బాని లోపలేసి చుట్టూ రేకు కట్టి మంట పెడతావా? బుద్ధుందా నీకు? ఆ వేడంతా యాడికి పోద్ది? ముట్టుకో డబ్బాని! ముట్టుకో!"

మాస్టారు ముట్టుకున్నాడు. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇంకాసేపుంటే పేలిపోయేదిరా నాయనా! క్వారీ కూలోళ్ళకి ఇరవై ఏళ్ళు వంట చేసినదాన్ని, నాకు తెలీదా పొయ్యి సంగతి..." అని వంగి ముఖంలోకి చూసింది. "అయ్యో, మాస్టారా! మీరా!"

అప్పుడు పోల్చుకున్నాడు ఆయన. అంకమ్మరావు వాళ్ళమ్మ, సాయి ప్రియ నాయనమ్మ, మహాలక్ష్మి. చేతిలో చిన్న ఫోను. దాని వెలుగే ముఖం మీద పడింది.

"అక్కా... అక్కా... ఏందే ఆ గోల?" అంటోంది ఫోను.

ఇద్దరూ గోడకి చేరగిలబడి ఊపిరి తీసుకున్నాక సంగతి బయటపడింది. ఫోనులో ఉన్నది ఆమె చెల్లెలు వెంకమ్మ. రొంపిచెర్ల దగ్గర ఊళ్ళో ఇచ్చారు. వాళ్ళమ్మ పొలం మీద ఇద్దరి కొడుకులకీ మూడేళ్ళుగా గురజాల కోర్టులో దావా నడుస్తోంది. ఈ ఇంటి మనిషి ఆ ఇంటి మనిషితో మాట్లాడితే చచ్చినంత ఒట్టని కొడుకులిద్దరూ తేల్చేశారు.

"వాళ్ళకి పొలం కావాలి మాస్టారూ. మాకు పొద్దున తిన్నదేందో, మోకాలి నొప్పి ఎట్టా ఉందో చెప్పుకోటానికి ఒకరు కావాలి. కొడుకు పడుకున్నాక వెనక దారిన ఇట్టా వస్తా, ఇయ్యాల వాడు యాడికో పోతే అదే సందని వచ్చా. ఇక్కడైతే సిగ్నలూ ఉంటది, మనిషీ రాడు."

"భయం లేదా పెద్దమ్మా?"

"దేనికి? మందుగది కాడ బీడీలు తాగకుండా కూలోళ్ళని బెదిరించటానికి మా మేస్త్రీ పుట్టించాడు ఆ ఊదే దెయ్యాన్ని. నేను పక్కనే పప్పు కలుపుతున్నా అప్పుడు."

మాస్టారు నవ్వబోయి ఆగాడు. "నీ మనవరాలు బడెందుకు మానిందో తెలుసా?"

"రోడ్డు దూరమని... వాళ్ళ నాన్న..."

"ఈ మధ్య మిట్ట మీద ఆడగొంతు వినపడతందని. నీ కొడుకు కూడా దానికే భయపడి కింద టార్చి పట్టుకుని కూర్చున్నాడు."

మహాలక్ష్మి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇప్పుడే కిందికొచ్చి చెప్పేస్తా," అంది లేచి. "పిల్ల చదువుకంటేనా? వెంకమ్మా, ఇక ఉంటానే. ఒంట్లో జాగ్రత్త."

అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

మాస్టారు ఆమెని కూర్చోమన్నాడు. దెయ్యం లేదని తేలితే పిల్లలు బడికొస్తారు, నిజమే. మర్నాటి నుంచి కుర్రాళ్ళు కూడా సీసాలు పట్టుకుని ఇక్కడికే చేరతారు. ఈ అక్కాచెల్లెళ్ళకి మాట్లాడుకునే చోటే మిగలదు. ఆయన కాసేపు నెత్తి గోక్కున్నాడు. తర్వాత చల్లారిన డబ్బా మీద పొయ్యి మళ్ళీ బిగించాడు. ఈసారి గాలొచ్చే వైపు మాత్రమే రేకు నిలబెట్టి, అవతలివైపు తెరిచి ఉంచాడు. మంట నిలిచింది, డబ్బా చల్లగానే ఉంది. రెండో ప్యాకెట్ వండి, సగం ఆమెకి పెట్టాడు.

"పురుగుల్లా ఉన్నాయి," అంటానే ఊడ్చుకుని తినేసింది.

పదకొండింటికి మాస్టారు కిందికి దిగేసరికి ఐదు టార్చిలైట్లూ ఆయన ముఖం మీద పడ్డాయి.

"ఉందా?" అన్నాడు అంకమ్మరావు.

"పైన ఒక ఆడమనిషుంది."

ఐదుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"మాట్లాడా. తొమ్మిది దాటితేగానీ రాదంట. అంతకుముందు దారి మనది. బడికిపోయే ఆడపిల్లలంటే ప్రాణం పెడతది. తొమ్మిది తర్వాత మాత్రం మగాడెవడూ పైకి రాకూడదంది."

"మరి పొయ్యి...?"

"వెలిగింది. నూడుల్స్ వండా. సగం ఆమే తిన్నది."

వీడియోలో గిన్నె చూపించాడు. అంకమ్మరావు చేతులు జోడించి మిట్ట వైపు దణ్ణం పెట్టాడు, పైనున్నది వాళ్ళమ్మని తెలీక.

"సైన్సు మాస్టారివై ఉండి దెయ్యాన్ని ఒప్పుకొచ్చావా?" అంది షెర్లీ, ఆయన ఇంటికి చేరాక. "రేపు చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటావు?"

"నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం చూపించు," అని ఆయన జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. షెర్లీ నవ్వి నవ్వి పొలమారింది.

సోమవారం తొమ్మిది ఖాళీలూ నిండాయి. సాయి ప్రియ లేచి నిలబడి, "దెయ్యం నిజంగా ఉందా సార్?" అంది.

"సిలబస్‌లో లేదు. కూర్చో," అన్నాడు మాస్టారు.

పరీక్షలు అయిపోయిన రాత్రి ఆయన పొయ్యీ రేకూ తీసుకుని మళ్ళీ మిట్ట ఎక్కాడు, మహాలక్ష్మికి టీ పెట్టిద్దామని. ఆమె ఫోను స్పీకర్లో పెట్టింది. సాయి ప్రియ లెక్కల పేపరు బాగా రాసిందన్న మాట విని వెంకమ్మ అక్కడినుంచే దీవించింది.

"మరి మీ ఇంట్లో వినరా పిన్నీ, ఈ వేళప్పుడు మాట్లాడుతుంటే?" అని అడిగాడు మాస్టారు.

"ఇంట్లోనా! చంపేస్తాడు మావాడు. మా ఊరి చివర పాడుబడ్డ రైసుమిల్లుంది మాస్టారూ. రాత్రిపూట అటెవరూ రారు. ఏందో, దాని పేరు చెప్తే భయపడతారు జనం... ఉండండి, ఉండండి. ఎవరో వస్తన్నారు."

ఫోనులో నిశ్శబ్దం. ఇక్కడ ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని ఫోను మీదికి వంగారు.

తలుపు కిర్రుమంది. ఎవరో నాలుగడుగులు వేశారు... ఆగారు.

"ఎవరది?" అంది వెంకమ్మ, చానా మెల్లగా.

ఒక మగాడు కెవ్వుమని అరిచాడు. రేకుడబ్బా ఏదో దొర్లింది. పరుగు... పరుగు... దూరంగా కుక్కలు.

"పోయాడులే," అంది వెంకమ్మ. "ఆఁ, చెప్పక్కా. యాడిదాకా వచ్చాం?"