అలసట కడియం

ఆ రోజుల్లో రైళ్లు విమానాలతో పందెం వేస్తున్నాయి. టికెట్టు యంత్రాలు ముఖం చూసి ఇచ్చేవి, కాఫీ మరబొమ్మలు తెచ్చేవి. ఇంజనులో మాత్రం ఇంకా ఒక మనిషి కూర్చునేవాడు. నడపడానికి యంత్రం చాలదా అంటే, చాలు. కానీ ప్రమాదం జరిగినప్పుడు యంత్రాన్ని సస్పెండ్ చేస్తే ఎవరికి తృప్తి? తిట్టడానికి ఒక మొహం కావాలి కదా!

ఆ మొహాలకి నిద్ర ఉండేది కాదు. సాగరవేగ రైలు సంస్థలో రైళ్లెక్కువ, డ్రైవర్లు తక్కువ. డ్యూటీ దిగినవాణ్ణి మళ్లీ ఎక్కించేవారు. అతను కునికి సిగ్నల్ దాటేస్తే ‘మానవ తప్పిదం’ అని తేల్చి ఇంటికి పంపేవారు. డాక్టర్ తస్నీమ్ తల్లిని అలాగే పంపారు. ఆవిడ బతికినన్నాళ్లూ రైలు కూత వినపడితే కిటికీలు మూసుకునేది.

ఆ కసితోనే తస్నీమ్ నాడీశాస్త్రం చదివి ‘శ్రమ సంక్రమణి’ని కనిపెట్టింది. జనం దాన్ని అలసట కడియం అన్నారు. డ్రైవర్ టోపీలోని సెన్సర్లు అతని మెదడు ఎంత అలసిందో కొలుస్తాయి. డ్యూటీ పొడిగించిన అధికారి చేతికి కడియం ఉంటుంది. అది ఆ అలసటనంతా అధికారి నరాల్లోకి ఎక్కిస్తుంది. డ్రైవర్‌కి కళ్లు మూతలు పడితే పెద్దసారుకీ పడాల్సిందే. సార్ల బుద్ధి తెలిసిన మనిషి కాబట్టి ఆమె దానికి తాళం కూడా పెట్టింది. అధికారి వేలిముద్రతో మూసుకుంటే, ఆ బండి గమ్యం చేరేదాకా ఎవరు లాగినా ఊడదు.

చట్టం వచ్చింది. సార్లు కుర్చీల్లో జోగుతుంటే డ్రైవర్లు పండగ చేసుకున్నారు. ఓవర్‌టైములు మాయమయ్యాయి. కొన్నాళ్లకి మెల్లగా మళ్లీ వచ్చాయి, కానీ సార్లు మాత్రం తాజాగానే ఉన్నారు. ఎలాగని ఎవరూ అడగలేదు. తస్నీమ్ కూడా అడగలేదు. సన్మానాలకి తిరగడంతోనే ఆమెకి సరిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం విశాఖ కంట్రోల్ రూములోనూ సన్మానమే. చీఫ్ కంట్రోలర్ దండమూడి విఠల్ ఆమెకి శాలువా కప్పి మిఠాయి నోట్లో వేసుకుంటుండగా స్పీకర్ మోగింది.

“సార్, జోగినాయుణ్ణి. నా వల్ల కావట్లేదు సార్. రెప్పలు వాలిపోతున్నాయి. తునిలో దింపేయండి, మీకు దణ్ణం పెడతాను.”

“డ్రామాలాడకు!” అన్నాడు విఠల్. “కడియం నా చేతికే ఉంది. నువ్వంత అలసిపోతే నాకు తెలీదా? ఒక్క ఆవలింత కూడా రాలేదు నాకు. ఇప్పటికే బండి లేటని పైవాళ్లు నన్ను తినేస్తున్నారు. బెజవాడ దాకా లాగించు.”

తస్నీమ్ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. పనిచేస్తున్న కడియం గోరువెచ్చగా ఉంటుంది. ఇది చల్లగా ఉంది. ఉత్త ఇనప ముక్క.

“సిగ్గులేదా మీకు? అసలుదేది?”

“భద్రంగానే ఉంది లెండి.”

“బండినిండా జనం ఉన్నారు! తునిలో ఆపి డ్రైవర్ని మార్చండి, వెంటనే.”

విఠల్ మొహం పాలిపోయింది. “తునిలో వద్దు మేడమ్. సామర్లకోటలో మారుద్దాం.”

“ఎందుకు వద్దు? తుని రన్నింగ్ రూములో దేవదానం అనే డ్రైవర్ నిన్నటి నుంచీ రెస్టులో ఉన్నాడని బోర్డు మీద కనిపిస్తూనే ఉందిగా.”

“ఉన్నాడనుకోండి... అయినా...”

“అయినా లేదు, గియినా లేదు. మీరు చెప్తారా, మంత్రిగారికి ఫోన్ చెయ్యమంటారా?”

ఒక్క మాట నోరు తెరిచి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్తే ఉద్యోగం పోతుంది. అందుకని ఆ మహానుభావుడు చెప్పలేదు. మైకు అందుకుని ఆమె అన్నట్టే ఆర్డరిచ్చాడు. తస్నీమ్ శాలువా సర్దుకుని, గెలిచినట్టు కూర్చుంది.

తునిలో దేవదానం ఎక్కాక, అన్నవరం దగ్గర మెల్లగా పోవాల్సిన మలుపులోకి బండి అదే వేగంతో దూసుకుపోయింది. ఆటోమేటిక్ బ్రేకు ఉంది. ఊరికే పడుతూ ఆలస్యం చేస్తోందని విఠలే దాన్ని ఎప్పుడో ఆపించేశాడు. ఇంజను పట్టాల మీదే నిలిచింది. వెనక మూడు పెట్టెలు తెగి కిందికి దొర్లాయి. వాటిలో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు.

దేవదానం బతికాడు, అతని ఖర్మకొద్దీ. ఆసుపత్రిలో మంచం పక్కన పోలీసుని కూర్చోబెట్టారు. తస్నీమ్ వెళ్లి దుప్పటి తొలగించి చూసింది. అతని చేతికి అసలు కడియం ఉంది.

“ఇదెవరు తొడిగారు నీకు?”

“విఠల్ సారేనండి. పాపకి జొరమని సెలవడిగాను. జోగినాయుడి బండి చేరేదాకా ఇది తొడుక్కుంటే ఇస్తానన్నారు. ముందురోజే విశాఖలో ఆయనే వేలు పెట్టి తాళమేశారు. రెస్టులోనే కదా, పడుకునే ఉంటావు కదా అన్నారు.” అతను వెక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. “పడుకునే ఉన్నానండి. పడుకున్నకొద్దీ అలసట పెరిగింది.”

“మరి బండెందుకెక్కావు?”

“కాదంటే ఎవరు నమ్ముతారండి? బోర్డు మీద రెస్టని ఉంది.”

తస్నీమ్ ఆ చేతి మీద దుప్పటి మళ్లీ కప్పేసింది. జోగినాయుణ్ణి దింపి, జోగినాయుడి అలసటనే తీసుకొచ్చి మళ్లీ అదే సీట్లో కూర్చోబెట్టింది తనే! అంతటితో పోలేదు. దేవదానం ఆ బండి టోపీ పెట్టుకోగానే అతని అలసటే అతని చేతికి తిరిగొచ్చి రెట్టింపై ఉంటుంది. లాగి పారేద్దామంటే తాళం. ఆ తాళం పెట్టిందీ తనే.

విచారణ రోజు విఠల్ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

“తుని వద్దన్నది నేను. వినకుండా అరిచింది మీరు. రెండూ రికార్డయ్యాయి,” అన్నాడు చెవి దగ్గరగా. “కడియం వాడే దొంగిలించాడని చెప్పేశాను. నేను పోతే మిమ్మల్నీ లాక్కునే పోతాను మేడమ్, మీ ఇష్టం.”

కమిటీ అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. “డాక్టర్ తస్నీమ్, అధికారి వేలిముద్ర లేకుండా డ్రైవర్ తనంతట తనే ఆ తాళం వేసుకునే వీలుందా?”

లేదు. ఆ సంగతి ఈ లోకంలో ఆమె కంటే బాగా ఎవరికీ తెలియదు. ఎదుటి బెంచీ మీద తలకి కట్టుతో దేవదానం కూర్చుని ఉన్నాడు. మేడమ్ నిజం చెప్తారన్న ధైర్యం అతని మొహంలో కనిపిస్తోంది. పక్కనే అతని భార్య, పాపని ఒళ్లో పెట్టుకుని. తస్నీమ్‌కి తన తల్లి గుర్తొచ్చింది, ఆవిడ మూసుకున్న కిటికీలు గుర్తొచ్చాయి. తర్వాత ఇంట్లో అద్దాల బీరువాలో వరసగా పేర్చుకున్న తన మెడల్సూ గుర్తొచ్చాయి.

“వీలుంది,” అంది.

అధ్యక్షుడు థాంక్స్ చెప్పి, ‘మానవ తప్పిదం’ అని రాయించి, అందరికీ టీ తెప్పించాడు.