గ్రహణం నాటి బోరు

మాఘ అమావాస్య... శనివారం... దానికితోడు సూర్యగ్రహణం! పంతొమ్మిది వందల ఎనభై ఫిబ్రవరిలో, ఆ కాని ఘడియలో, రాజోలు సీమ మీద మధ్యాహ్నం వేళ చీకటి కమ్ముకుంటోంది. రాహువు కోరల్లో చిక్కిన భాస్కరబింబం సన్నని కొడవలిలా మిగిలింది. పొద్దుగూకిందనుకుని గుడ్లగూబలు వికృతంగా కూశాయి... కుక్కలు మోరలెత్తి ఏడ్చాయి! ఊరంతా తలుపులు బిడాయించుకుని కూర్చుంది. నిర్మానుష్యమైన ఆ కాలవగట్టు మీద ఒక్క ఆడపిల్ల మాత్రం పరుగులాంటి నడక నడుస్తోంది.

ఆమె పేరు సుగుణ. అబ్రహాము మాస్టారి కూతురు. వాల్తేరులో భూగర్భశాస్త్రం చదివి, నేలలో చమురు వెతికే సర్వే క్యాంపులో పని నేర్చుకుంటోంది. ఎప్పటికైనా ఖనిజాన్వేషణలోనే ఉద్యోగం చెయ్యాలని ఆమె పంతం. ఊరికి మాత్రం ఆ పిల్ల కంట్లో నలుసు. బోరులోంచి వచ్చిన మట్టిని చిటికెడు పళ్ల మధ్య నలిపి, గరగరలాడితే ఒండ్రు, వెన్నలా జారితే బంకమట్టి అని ఆమె చెబుతుంటే చూసి, మన్ను తినే దయ్యమని పేరు పెట్టారు. దాహమంటే తలుపులు మూసుకున్నారు. పుణ్యాత్ములు! అలాంటి ఊళ్లో ఆమెకు ఆప్యాయంగా ముద్ద కలిపి పెట్టింది క్యాంపు వంటమనిషి కాంతం ఒక్కతే.

ఆ కాంతమే పొద్దుటినుంచి కనిపించడం లేదు. వారం రోజులుగా ఆమె ఆమెలా లేదు. గొంతు మగగొంతైంది. కళ్లు చింతనిప్పులయ్యాయి. పచ్చిచేపలు కరకరా నమిలింది... ఇది వీర్రాజు ఆమె మీదికి ఓ భూతాన్ని పంపి చేయించిన పనేనని సుగుణకు తెలుసు. క్షుద్రోపాసకుడైన వీర్రాజు కొబ్బరితోటలోనే సర్వేవాళ్లు ఒక బోరు వేశారు. అందులో నీళ్లు బుడబుడమని పొంగాయి. క్యాంపు పెద్ద శ్రీరామమూర్తి గారు ఆ బుడగలు చూసి, కింద గ్యాసుందని, దరిదాపుల్లో అగ్గిపుల్ల గీయరాదని అందరికీ చెప్పి, బంకమట్టి ముద్దలు కూరి బోరు మూయించారు. వీర్రాజు వింటేనా! అది నిధిని కాచే భూతం ఊపిరి అనుకున్నాడు. గ్రహణకాలంలో చేసిన జపం లక్షరెట్లు ఫలిస్తుందంటారు గదా, ఆ వేళ నరబలి ఇస్తే భూతం తన కాళ్లు పిసుకుతుందని లెక్క వేసుకున్నాడు.

తోటలో అడుగుపెట్టిన సుగుణ నిలువునా కొయ్యబారిపోయింది.

బోరు మూత పెళ్లగించి ఉంది! దాని అంచున సిందూరం పూసిన కపాలం... చుట్టూ భస్మంతో గీసిన వలయం... వలయంలో రక్తచందనం పూసుకున్న వీర్రాజు! అతని ముందు జుట్టు విరబోసుకుని, మెడలో నిమ్మకాయల దండతో కాంతం మోకాళ్ల మీద ఊగుతోంది. బోరు కిందినుంచి బుసబుసమని భీకర ధ్వని వస్తోంది. వీర్రాజు చేతిలో కత్తి తళుక్కుమంది.

"గీత దాటితే నెత్తురు కక్కి చస్తావే" అన్నాడతను, తల తిప్పకుండానే. "దిగ్బంధనం చేశాను. జపం ముగిసేదాకా నేనూ దాటలేను."

ప్రాణభయం అంటే ఏమిటో సుగుణకు అప్పుడే తెలిసింది. అంతలో కాంతం నోట ఆ మగగొంతు పలికింది. అయితే ఇన్నాళ్లలా గర్జించలేదు... గజగజ వణికింది.

"వద్దు దొరా... నన్ను దీని పక్కన కూచోబెట్టకు. కిందున్నది నాలాంటిది కాదు. మనిషి పుట్టకముందునుంచీ ఉంది. నన్నొదిలెయ్ దొరా!"

భూతమే భయపడుతోంది! వీర్రాజు నిర్ఘాంతపోయిన ఆ క్షణాన సుగుణ గీత దాటేసింది. ఒళ్లంతా సూదులతో పొడిచినట్టయింది... ముక్కులోంచి నెత్తురు జివ్వున చిమ్మింది. అయినా కాంతం రెండు చంకల కింద చేతులు వేసి, గాలి వచ్చే వైపుకి బరబరా ఈడ్చింది. గీత దాటగానే కాంతం దేహంలోంచి ఏదో కెవ్వున కేకవేసి, కొబ్బరాకుల్ని చీల్చుకుంటూ సముద్రం దిక్కుగా పారిపోయింది.

వీర్రాజు పళ్లు పటపటా కొరికాడు. భూతాన్ని వెనక్కి పిలిచి సుగుణ మీదికే ఉసిగొల్పుతానని అరుస్తూ, కపాలంలో కర్పూరం బిళ్లలు పోసి, మొలలోంచి అగ్గిపెట్టె తీశాడు.

ఎంత పగవాడైనా సుగుణ ఊరుకోలేకపోయింది. "వెలిగించకండి వీర్రాజు గారూ! మీకు దణ్ణం పెడతానండి. అది గ్యాసండి, వెలిగించకండి!"

"నాకే పాఠాలు చెప్తావటే, మన్ను తినే మొహమా?" అని అతను పుల్ల గీశాడు.

భూమి గర్జించింది! పాతాళం నోరు తెరిచినట్టు బోరులోంచి అగ్నిస్తంభం లేచి చీకటి సూర్యుణ్ణి వెక్కిరించింది. కపాలం పేలి పిండైంది. వీర్రాజు ఒంటికి మంట అంటుకుంది. అతను పరిగెత్తాడు... తాను గీసిన గీత దగ్గర గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి పడ్డాడు! మళ్లీ లేచాడు. మళ్లీ పడ్డాడు. లోకాన్ని కట్టెయ్యాలని చేసిన బంధనం అతన్నే కట్టేసింది. మూడోసారి లేవలేదు.

సుగుణకు జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ పడలేదు. కాంతాన్ని కాలవగట్టు అవతలికి ఈడ్చుకుపోయి బురదలో కూలబడి, ఆమె తలను ఒళ్లో పెట్టుకుని చెంపలు తట్టింది. ఉలుకూ పలుకూ లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే శ్వాస ఆడుతున్నట్టూ ఉంది, ఆడనట్టూ ఉంది. దేవుడా, ఈవిణ్ణి నాకు ఉంచు అని గట్టిగా ఏడ్చింది. గ్రహణం విడిచి, ఎండ మెల్లగా మొహాల మీద పడింది. ఊళ్లో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

కాంతం కళ్లు విప్పింది. ఎర్రదనం లేదు. ఆకాశంలోకి ఎగసే మంటను చూడలేదు, తన మెడలో దండనూ చూడలేదు. సుగుణ మూతి మీద ఎండిన నెత్తురును కొంగుతో తుడిచింది.

"పొద్దుటినుంచి ఏమన్నా తిన్నారా అండీ, సుగుణమ్మ గారూ?"

అది కాంతం గొంతే.