కుడివైపు తలుపులోంచి నడిచిన వాళ్ళు

యాభయ్యేళ్ళ కిందటి ఆ మార్చి పందొమ్మిదిన వాళ్ళిద్దరూ తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, ఒక బన్ను. గుడ్లు అతను తెచ్చాడు, బన్ను ఆమె తెచ్చింది, ఉప్పు ఇద్దరూ మరిచిపోయారు. శాసనసభ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడి తిన్నారు. సాయంత్రానికి లోపల చట్టం పాసయింది. వేర్వేరు మతాల వాళ్ళు పెద్దల సంతకం లేకుండా రిజిస్ట్రారు ఎదుట పెళ్ళి చేసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. మరుసటి వారమే చేసుకున్నారు.

అప్పటినుంచి పరుపుల షాపాయన ఇంట్లో ఏటా ఆ తేదీన పొద్దుటి టిఫిను అదే. భార్య పోయాక కూడా ఆయన మానలేదు. ఇప్పటికీ ఉప్పు లేకుండానే తింటాడు.

ఈ ఏడూ ఆయన స్టవ్ దగ్గర నిలబడి గుడ్లు ఉడికిస్తున్నాడు. కూతురు ఆఫీసుకి తయారై, ఒళ్ళో సంచీ పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. శాసనసభ కొత్త భవనంలోకి మారిపోయింది. పాతదాన్ని మ్యూజియం చేస్తున్నారు. ఏ పార్టీ ఏ చట్టాన్ని తెచ్చింది, ఏది అడ్డుకుంది అని గోడల మీద రాసే పని ఆమెది. ఆదివారం ప్రారంభోత్సవం. ఆ చట్టం కింద మొదట పెళ్ళి చేసుకున్నవాళ్ళలో ఒకడిగా ఆయన కూడా వేదిక మీద నాలుగు మాటలు చెప్పాలి.

"మొదటి ముక్క విను" అన్నాడు గుడ్డు పెంకు తీస్తూ. "'నాకు పెళ్ళాన్ని ఇచ్చింది మా మామగారు కాదు, గంట పార్టీ!' ఎలా ఉంది?"

"నవ్వుతారు నాన్నా."

"నవ్వాలనే కదా. తర్వాత ఇదీ. 'ఆ సాయంత్రం మా నాయకుడు కుడివైపు తలుపులోంచి నవ్వుతూ బయటికొచ్చాడు. నా రెండు కళ్ళతో చూశాను.' ఇక్కడ చప్పట్లు పడతాయి. నేను కాస్త ఆగుతా."

ఆ సభలో ఓటు వెయ్యడమంటే చెయ్యెత్తడం కాదు, నడవడం. బిల్లు కావాలన్నవాళ్ళు కుడివైపు తలుపులోంచి వరండాలోకి వెళ్ళాలి, వద్దన్నవాళ్ళు ఎడమవైపు తలుపులోంచి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆ రోజు గంట పార్టీ నాయకుడు కుడి తలుపులోంచి రావడం చూసి, కుర్ర పరుపులాయన పరుగెత్తుకెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు. మర్నాడే పార్టీలో చేరాడు. షాపు బోర్డు మీద గంట బొమ్మ వేయించాడు. ఎదుటి పక్షం వంతెన పార్టీ వాళ్ళు ఇంకెవరి పరుపుల మీదో పడుకోవడం మొదలుపెట్టారు. అయినా ఆయన బొమ్మ చెరపలేదు. వీధిలో ఆయన పేరే 'గంటాయన' అయిపోయింది.

ఆ రోజు సభ కార్యక్రమాల అచ్చు ప్రతి కూతురు రెండు వారాల కిందటే చదివింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే చెబుదామనుకోవడం, ఆయన కాఫీ కలిపి చేతికివ్వడం, ఆమె తాగేసి వెళ్ళిపోవడం.

"నాన్నా, ఒకసారి కూచో."

"నిలబడే వింటా. కూచుంటే నాకు బుర్ర పనిచెయ్యదు."

"మీ నాయకుడు ఎడమ తలుపులోంచి వెళ్ళాడు."

ఆయన చేతిలో పెంకు ఆగింది. "ఎప్పుడు?"

"ఆ రోజే. చట్టం వద్దని. మీ పార్టీలో దాదాపు అందరూ అటే వెళ్ళారు."

"తప్పు. నేను చూశాను."

"నువ్వు చూసింది లెక్కంతా అయిపోయాక. నేను వెళ్ళి నిలబడి చూశాను నాన్నా. ఎడమ వరండాలోంచి బయటికి దారే లేదు, తోట గోడే ఉంది. కార్లు ఆగేది కుడివైపు. ఆయన కారెక్కడానికి వచ్చాడు."

"కారెక్కడానికా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. సగం ఒలిచిన గుడ్డుని ప్లేటులో పెట్టేశాడు. "ఆ మాట గోడ మీద రాశావా?"

"రాశాను."

"తీసెయ్."

"నాన్నా..."

"ఒక్క వాక్యం! నాన్న కోసం ఒక్క వాక్యం తీసెయ్యలేవూ? ఆదివారం మావాళ్ళంతా ముందు వరసలో కూచుంటారు. గంటాయన కూతురే మన మీద బురద చల్లిందంటారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను? నిన్ను చదివించింది గంట గుర్తున్న షాపే, మరిచిపోకు!"

"నన్ను చదివించింది పరుపులు నాన్నా, గంట కాదు."

అన్నాక ఆమెకే గుండె చివుక్కుమంది. ఇంతలో గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. అమ్మ తమ్ముడు, మావయ్య. వంతెన పార్టీ మనిషి. అయినా ఏటా ఈ పొద్దున తన గుడ్డు తను తినడానికి వస్తాడు.

"ఏంటి బావా, వీధి చివరికి వినిపిస్తోంది గంట?"

సంగతి తెలియగానే మావయ్య కుర్చీ లాక్కుని హాయిగా కూర్చున్నాడు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానా లేదా? ఆ చట్టం తెచ్చింది మా వంతెన! ఇప్పుడు నీ కన్నకూతురే..."

"మావయ్యా, నువ్వాగు. అదే బిల్లు అంతకుముందు మీ ప్రభుత్వంలో వస్తే, ఎన్నికలు దగ్గరపడ్డాయని మీవాళ్ళే అటకెక్కించారు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి ప్రసవానికి జీతంతో సెలవివ్వాలని గంట పార్టీ బిల్లు తెచ్చినప్పుడు మీవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కుడి తలుపు వైపు చూడలేదు. అదీ రాశాను, పక్క గదిలో."

గుడ్డు మీదికి వెళ్తున్న మావయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. "పక్క గదిలోకి జనం వెళ్తారంటావా?"

మరో రోజయితే ఈ మాటకి నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు.

"మరి నేనిన్నాళ్ళూ ఎవరికి దండం పెట్టానే?" అన్నాడు. సమాధానం కోసం చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

కూతురికి కళ్ళు నిండాయి. "ఆయన మాట్లాడ్డం అయిపోయాక చెప్పాల్సింది. కానీ నలుగురి ముందు తప్పు చెప్పి, దిగి వచ్చి గోడ మీద చదువుకుంటే... ఇంకా అన్యాయం కాదూ?"

మావయ్య గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే పక్క గదికే వినబడుతుంది, తగ్గించకపోతే పక్కింటికి. "మీ అమ్మకి తెలుసమ్మాయ్."

"ఏం తెలుసు?"

"అంతా. ఆ తర్వాతొచ్చిన ఎన్నికలప్పుడు నేనే చెప్పాను, బావని ఆటపట్టిద్దామని. అక్క నా మొహం కేసి చూసి, 'ఒరేయ్, ఈ మాట ఆయన చెవిన పడిందంటే నిన్నీ గడప తొక్కనివ్వను' అంది. ఎందుకే అంటే, 'ఆయనకి ఎవరో ఒకరికి థాంక్స్ చెప్పందే ముద్ద దిగదురా. కరెంటొస్తే ఫ్యానుకి చెప్తాడు. నేను దొరికినందుకు ఎవరికి చెప్పాలో తెలీక ఆ గంటకి చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ' అంది."

ఆ ఇంట్లో ప్రతి ఎన్నికలకీ అమ్మ గంట జెండాలకి అంచులు కుట్టి ఇచ్చేది, ఎండలో తిరిగొచ్చిన నాన్నకి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టేది. అన్నీ తెలిసే చేసింది.

గది తలుపు తెరుచుకుంది. నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు మాత్రం ఎటు తిరగాలో తేల్చుకోలేకపోతున్నాయి.

"మరి ఓటెవరికేసేదిరా అది?"

"నేనడిగితే 'నీకేరా' అనేది బావా."

"నాకూ అదే చెప్పేది!"

ముందు మావయ్య నవ్వాడు. తర్వాత నాన్న నవ్వాడు, నవ్వుతూనే కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. కూతురు వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"అందరూ ఎడమకే వెళ్తే చట్టం ఎలా పాసయింది మరి?" అన్నాడు చివరికి.

"మీ పార్టీ వాళ్ళే ఏడుగురు నాన్నా. పార్టీ ఆదేశాన్ని కాదని కుడి తలుపు వైపు నడిచారు. వంతెన వాళ్ళకి ఆ ఏడుగురూ కలిస్తేనే గట్టెక్కింది. వాళ్ళకి మళ్ళీ టికెట్లు దొరకలేదు. అందరి పేర్లూ రాశాను."

"ఎవరైనా ఉన్నారా ఇంకా?"

"ఒకావిడ ఉంది. ఫొటో కోసం వెళ్ళాను. మేనకోడలి దగ్గర ఉంటోంది."

ఆయన లేచి ఇస్త్రీ చొక్కా వెతకడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా ఆపేసరికి కూతురి తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఆ వాక్యం అలాగే ఉంచు" అన్నాడు.

"ఆదివారం మాట్లాడతావా?"

"మాట్లాడతా. కొత్తది రాసుకోవాలి. మావాళ్ళు లేచి వెళ్ళిపోతారేమో."

"వెళ్తే ఏ తలుపులోంచి వెళ్తారో రాసుకుంటాలే."

ఆయన కూతురి నెత్తిన చిన్న మొట్టికాయ వేశాడు.

ఆవిడకి తొంభై దాటాయి. ఒకప్పుడు కుట్టుపని టీచరు. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. ఆయన పక్కన కూర్చోగానే అలవాటుగా పరుపుని అరచేత్తో నొక్కి చూశాడు. దూది గడ్డలు కట్టింది.

"అమ్మా, నేను మీ చట్టం కింద పెళ్ళి చేసుకున్నవాణ్ణి."

"నా చట్టమేంటి నాయనా?" అంది ఆవిడ. కూతురు గుర్తుచేశాక మొహం విప్పారింది. "ఓ, అదా! నా కుర్చీ ఎడమ తలుపు పక్కనే ఉండేది. కుడి తలుపేమో హాలుకి ఆ చివర. అందరూ చూస్తుండగా మధ్యలోంచి నడవాలి. పైగా కొత్త చెప్పులు, కిర్రుకిర్రుమంటూ."

"మాలాంటి వాళ్ళని తలుచుకునే కదమ్మా నడిచారు?"

"నువ్వెవరో నాకేం తెలుసు, తలుచుకోవడానికి? మా చెల్లెల్ని తలుచుకున్నా. దానికి ఆ చట్టం ఆలస్యమైపోయింది." కాసేపు కిటికీ వైపు చూసింది. "మీరిద్దరూ బాగున్నారా మరి?"

"బాగున్నామమ్మా. పోయేదాకా బాగా చూసుకుంది."

"పోట్లాడేదా?"

"రోజూ."

"ఇంకేం, అయితే." ఆవిడ సంతోషంగా నవ్వింది. "ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు నాయనా ఇలా."

ఆయన థాంక్స్ చెప్పబోయాడు. ఇన్నేళ్ళుగా వేదికల మీద గంటకి అలవోకగా చెప్పిన మాటని ఇప్పుడు సగంలోనే వదిలేశాడు. ఆవిడ చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఆవిడా వెనక్కి తీసుకోలేదు. అలాగే మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారుకుంది.

ఆయన చేత్తోనే మంచం పొడవూ వెడల్పూ కొలుచుకున్నాడు. "ఎల్లుండికి కొత్త పరుపు పంపుతాను" అన్నాడు మేనకోడలితో, గుసగుసగా.

"ఈ రాత్రికి ఇక లేవరు. తలుపు దగ్గరగా వేసెయ్యండి బాబాయిగారూ" అంది ఆమె.

ఆయన వెళ్ళి లైటార్పాడు. ఎవరికీ వినబడకుండా ఆ మాట అని, చప్పుడు కాకుండా గడియ పట్టుకుని, మెల్లగా తలుపు దగ్గరికి లాగాడు.