సన్యాసినాయుడి కుడికాలు

నూట పన్నెండో బంతి కూడా కుడివైపుకే పోయింది.

తిన్నగానే బయల్దేరింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎనభై గజాల దాకా బుద్ధిగానే వెళ్ళింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, కుడికి వంగి, ఇంకా వంగి, పరిశోధనశాల ప్రహరీ దాటి జీడితోటలో పడింది. పిన్నింటి సన్యాసినాయుడు నడుం మీద చెయ్యేసుకుని అది పడ్డ చోటుకేసి చూశాడు. ఒంటిమీద వెండిదారాలు నేసిన బిగుతు చొక్కా, దానికి జోడు ప్యాంటు, మెడ వెనక అగ్గిపెట్టెంత పెట్టె. లోపలంతా చెమటే.

"ఇంకోటి వెయ్యండి," అన్నాడు.

"కాసేపు కూచోండి నాయుడుగారూ," అంది డాక్టర్ ఫర్హానా, స్క్రీన్ మీంచి కళ్ళు తియ్యకుండా.

"కూచోడానికి రాలేదమ్మా. వెయ్యండి."

గోల్ఫు తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. కుడిచేతివాటం మనిషి కొట్టిన బంతి గాల్లో కుడికి కోసుకుంటూ పోతే దాన్ని స్లైస్ అంటారు. బంతికి తగిలే క్షణంలో కర్ర మొహం కొంచెం కుడికి తెరుచుకుని ఉంటుంది. దాంతో బంతి పక్కవాటుగా గిర్రున తిరుగుతుంది, గాలి దాన్ని కుడికి లాక్కుపోతుంది. కారణం ఇంతే. కానీ ఈ జబ్బు పట్టినవాణ్ణి అడగండి, మూడు చెరువుల నీళ్ళు తాగానంటాడు. సన్యాసినాయుడు మూడేళ్ళుగా తాగుతున్నాడు. పట్టు మార్చాడు, నిలబడే తీరు మార్చాడు, కర్ర మార్చాడు. అతను బస్సు డ్రైవరు, ఆ పొడుగు కర్ర పేరు కూడా డ్రైవరే. బంతి మాత్రం మారలేదు.

అసలు ఒక బస్సు డ్రైవరుకి గోల్ఫేమిటంటారా? ఇది రెండువేల యాభై మూడు. రోడ్ల మీద బస్సులన్నీ వాటంతటవే నడుస్తున్నాయి. విజయనగరంలో ఖాళీ అయిన బస్సుల షెడ్డు స్థలానికి వెనకున్న బంజరు కూడా కలిపి తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం వేశారు, ఇంటికి పంపేసిన డ్రైవర్లకి ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదాని. మొదట అందరూ నవ్వారు. ఆర్నెల్లు తిరిగేసరికి లుంగీ ఎగ్గట్టి గోల్ఫు ఆడటం ఆ ఊరి అలవాటైంది.

ఇక్కడే అసలు సంగతి. ఒక్క పాత ఎర్రబస్సుని మాత్రం జ్ఞాపకంగా ఉంచారు. స్టీరింగు, గేరు రాడ్డు, డీజిలు వాసన, అన్నీ ఉన్న బస్సు. ప్రతి ఆదివారం అది సాలూరు ఘాట్ ఎక్కి దిగాలి, మనిషే తోలాలి, ఆ మనిషికి అరవై ఐదేళ్ళు దాటకూడదు. రాష్ట్రం మొత్తానికి ఆ సీటు ఒక్కటే. ఎవరు తోలాలి? సీనియర్ తోలాలి. సన్యాసినాయుడూ, అతని భార్య అన్న తవిటినాయుడూ ఒకే రోజు, ఒకే పూట డ్యూటీలో చేరారు. ఇద్దరికీ యాభై తొమ్మిది. డ్రైవర్లకి సీనియారిటీ కంటే పెద్ద దేవుడు లేడు కాబట్టి సంఘం మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ కుర్చీలు లేచాయి. చివరికి తవిటినాయుడే లేచి, "ఎందుకొచ్చిన గొడవ! గోల్ఫులో తేల్చుకుందాం," అన్నాడు. బావ స్లైస్ సంగతి అతనికి తెలుసు. ఊరందరికీ తెలుసు.

సన్యాసినాయుడికి ఆ సీటు కావాలి. చాలా కావాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఘాట్ మీద ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు. ఇంటికి పంపేసిన రోజు నుంచీ తను దేనికీ పనికిరాని వస్తువునైపోయానని అతనికి లోపల్లోపల ఏడుపు. ఆ ఏడుపు భార్య పైడమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

"నాయుడుగారూ, ఇలా రండి," అంది ఫర్హానా. ఆమె గొంతు మారింది.

ఆమె చేసిన యంత్రం పేరు సవరణి. ఆ వెండిదారాలు ఒంట్లోని ప్రతి కండరానికీ మెదడు నుంచి వచ్చే కబురుని సెకనుకి రెండువేలసార్లు వింటాయి. విన్నదాన్ని స్క్రీన్ మీద గీతలుగా గీస్తాయి. పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం మొదలుపెట్టిన పని అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గీతలు కూడా కావాలని ఆమె ఆటగాళ్ళని పిలిస్తే, అందరికంటే ముందొచ్చి నిలబడ్డవాడు ఇతను.

"ఈ ఎర్రగీత మీ కుడిపాదం. కర్ర బంతిని తాకడానికి సెకనులో ఐదోవంతు ముందు పాదం నేలని బలంగా తొక్కుతోంది. బరువు ముందుకి రావలసిన సమయంలో వెనకే ఆగిపోతోంది. సరిగ్గా అప్పుడే ఈ నీలిగీతలు, అంటే మీ చేతులు, కుడికి తిరుగుతున్నాయి. నూట పన్నెండుసార్లూ అంతే. ఇంకెవరిలోనూ ఇది చూడలేదు. మీరేం పని చేసేవారు?"

సన్యాసినాయుడు తన కుడికాలుకేసి చూసుకున్నాడు.

"బస్సు తోలేనమ్మా. ఘాట్ మీద. దిగినప్పుడు ఎడంపక్కంతా లోయ. ఎదర ఏదైనా అడ్డొస్తే బ్రేకు తొక్కి కుడికి కొయ్యాల, కొండవైపు. ఎడమకి కోస్తే ఇంకేటుంది!"

"అయితే మీ ఒళ్ళు బంతిని గుద్దడానికి ఒప్పుకోవట్లేదు. ఎదురుగా ఏదో ఉంది, తప్పించాలి అనుకుంటోంది."

"ఓరి నాయనోయ్!" అన్నాడు సన్యాసినాయుడు. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేశాడు. "దీన్ని తీసెయ్యగలరా?"

"తీసెయ్యడం కాదు." ఆమె ఆలోచించి చెప్పింది. "రోజూ నడిస్తే గడ్డిలో కాలిబాట పడుతుంది కదా, అలవాటంటే మెదడులో అలాంటి బాట. కబురు ఆ బాటన బయల్దేరినప్పుడల్లా సవరణి చిన్న విద్యుత్తు తాకిడితో దాన్ని ఆపుతుంది. ఇరవై ఒక్క రోజులు ఎవరూ నడవకపోతే బాట మీద గడ్డి మొలుస్తుంది. కానీ నాయుడుగారూ, ఆ బాట బంతి కోసం వాడుతున్నారా, ఇంకొకదాని కోసం వాడుతున్నారా అనేది యంత్రానికి తెలియదు. మీరు ఇప్పుడు బండి ఏదైనా నడుపుతున్నారా?"

సన్యాసినాయుడు అబద్ధాలాడే మనిషి కాదు. అప్పుడు కూడా ఆడలేదు.

"బళ్ళన్నీ వాటంతటవే నడుస్తుంటే నానేటి నడుపుతానమ్మా?" అన్నాడు.

పందెం ఉందని ఆమెకి ముందే చెప్పాడు. గెలిస్తే కప్పు ఇస్తారన్నాడు. ఆ కప్పుకి ఆరు చక్రాలుంటాయని మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె ఒప్పుకోదేమోనని భయం. పైగా తన మీద తనకి గట్టి నమ్మకం. బ్రేకు ఎప్పుడు తొక్కాలో తెలిసింది నా బుర్రకి గానీ కాలికా, అనుకున్నాడు.

ఇరవై ఒక్క రోజులు ఒక్క పూట కూడా మానలేదు. జ్వరం తగిలినా వెళ్ళాడు, తుఫాను వానలో గొడుగేసుకుని వెళ్ళాడు. రోజుకి రెండొందల బంతులు. అరచేతులు బొబ్బలెక్కితే పసుపు రాసి గుడ్డ చుట్టుకున్నాడు. మొదటి వారం బంతి జీడితోటలోకే పోయింది. రెండో వారం తోట అంచుకి వచ్చింది. పంతొమ్మిదో రోజున గీసినట్టు తిన్నగా వెళ్ళి నడిమైదానంలో పడింది. సన్యాసినాయుడు కర్ర కిందపడేసి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఫర్హానా చప్పట్లు కొట్టింది. స్క్రీన్ మీద ఎర్రగీత చదునుగా ఉంది.

ఆ సాయంత్రం ఇంటి వసారాలో పిల్లి కాళ్ళకి అడ్డొచ్చింది. రోజూ వచ్చేదే. కెవ్వుమని అరిచింది.

"పిల్లి తోక తొక్కేసినావేటి!" అంది పైడమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి. "నా పెళ్ళయిన కాడినుంచి నువ్వు చీమని తొక్కగా నాను చూడలేదు."

"కనబడలేదే."

"కళ్ళెక్కడున్నాయి మరి?"

కనబడలేదన్నది నిజం కాదు. కనబడింది. చూశాడు, తొక్కాడు. ఆ సంగతి అతనికి వింతగా తోచింది గానీ బుర్రనిండా మర్నాటి సాధనే ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాడు.

పందెం రోజున మైదానం చుట్టూ మూడొందలమంది డ్రైవర్లు చేరారు. ఎనిమిది గుంతలకి ఇద్దరూ సమానం. తొమ్మిదోదానికి కుడిపక్క పాత సర్వీసింగు గుంట ఉంది, నీళ్ళతో నిండి. సన్యాసినాయుడి బంతులు మూడేళ్ళుగా చేరుతున్న చోటు అదే. తవిటినాయుడు తన బంతిని చక్కగా నడిమధ్యకి కొట్టి, వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బావా, గుంటలో నీ బంతులు గుడ్లు పెడుతున్నాయట. ఇంకోటి పంపు," అన్నాడు.

సన్యాసినాయుడు బంతి ముందు నిలబడ్డాడు. కర్ర ఎత్తాడు. కొట్టాడు. బంతి తిన్నగా లేచి, తిన్నగా వెళ్ళి, తిన్నగా జెండా దగ్గర దిగింది. మూడొందలమంది ఒక్కసారి నోరు తెరిచారు. తవిటినాయుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా మనిషి మంచివాడు. ఆట అవగానే బావని గట్టిగా వాటేసుకుని, "నీదేరా సీటు. నువ్వే తోలాల," అన్నాడు. తన ఖాకీ చొక్కా జేబులోంచి బస్సు తాళం తీసి ఇచ్చాడు. గెలుస్తానన్న నమ్మకంతో దాన్ని ముందే తెచ్చిపెట్టుకున్నాడు పాపం.

ఆదివారం పొద్దున్నే ఎర్రబస్సుకి బంతిపూల దండలు కట్టారు. లోపల డ్రైవర్లు, వాళ్ళ పెళ్ళాలు, మనవలు. పైడమ్మ మొదటి సీట్లో కొత్త చీరతో కూచుంది. తవిటినాయుడు పాతకాలంలోలాగే డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద ఎక్కి కూచున్నాడు. సన్యాసినాయుడు స్టీరింగుకి దణ్ణం పెట్టి, గేరు వేశాడు. బస్సు గుర్రుమంది. ఆ చప్పుడికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళకి మళ్ళీ మనిషినయ్యాననుకున్నాడు.

ఇంకా గేటు దాటలేదు. పక్కనున్న తుప్పల్లోంచి మేకపిల్ల ఒకటి దూకి బస్సుకి ఎదురుగా నిలబడింది.

సన్యాసినాయుడు దాన్ని చూశాడు. దాని చెవి మీది తెల్లమచ్చ కూడా చూశాడు. బ్రేకు తొక్కాలని బుర్ర చెప్పింది. కాలు కదల్లేదు. మొండికెయ్యలేదు, వణకలేదు. తనకి సంబంధం లేనట్టు ఊరుకుంది. తొక్కు, తొక్కు అని అతను లోపల అరుస్తుంటే బస్సు ముందుకే పోతోంది.

తవిటినాయుడు బానెట్ మీంచి వంగి హ్యాండ్ బ్రేకు లాగాడు. బస్సు కీచుమని ఆగింది. మేకపిల్ల బంపరుకి జానెడు దూరంలో ఒకసారి అరిచి, తాపీగా గేటు దాటి వెళ్ళిపోయింది.

"చూసేరా! అదీ మా నాయుడంటే! కోడిపిల్లనే తొక్కనోడు మేకపిల్లని తొక్కుతాడేటి!" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు. బస్సంతా చప్పట్లు. పైడమ్మ గర్వంగా చుట్టూ చూసింది.

సన్యాసినాయుడు తవిటినాయుడి మొహంలోకి చూశాడు. తవిటినాయుడు అతని కుడికాలుకేసి చూస్తున్నాడు. చెయ్యి ఇంకా హ్యాండ్ బ్రేకు మీదే ఉంది.

"నలభైమంది ఉన్నారు బావా ఎనకాల," అన్నాడు సన్యాసినాయుడు మెల్లగా. "ముందర ఘాట్ ఉంది. నువ్వు తోలు."

"అదేటి బావా, అందరూ ఏటనుకుంటారు?"

"కడుపులో తిప్పుతోందని చెప్పు." తాళం బావమరిది చేతిలో పెట్టి దిగిపోయాడు. బస్సు మలుపు తిరిగేదాకా దుమ్ములో నిలబడి, ఆ తర్వాత రోడ్డు పక్కనే కూలబడి, గట్టిగా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే పరిశోధనశాల తలుపు తట్టాడు. దాచిన ముక్క కూడా దాచకుండా మొత్తం చెప్పాడు. ఫర్హానా కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"నేను అడిగాను కదా నాయుడుగారూ!"

"అడిగేరమ్మా. తప్పు నాదే. నా స్లైస్ నాకిచ్చెయ్యండి."

"గడ్డి మొలిపించే యంత్రమే నా దగ్గరుంది. పీకే యంత్రం లేదు. మళ్ళీ నడిచి బాట వేసుకోవాల్సిందే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మొదటిసారి ఎన్నాళ్ళు పట్టింది?"

అతను లెక్కేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. తనకి యాభై తొమ్మిది. ఫర్హానా తల దించుకుంది.

"అరవై ఐదు దాకా సీటుకి వయసుంది," అన్నాడు సన్యాసినాయుడు లేస్తూ. "ఇంకా ఆరేళ్ళు. చూద్దారి."

ఇప్పుడు మీరు విజయనగరం వెళ్తే ఆ మైదానంలో అతన్ని చూడొచ్చు. ఎదురుగా బంతి పెట్టుకుని, అది మేకపిల్ల అనుకుంటాడు. కర్ర దించుతూ కుడికాలితో నేలని తొక్కుతాడు, చేతులు కుడికి తిప్పాలని చూస్తాడు. చుట్టూ పదిమంది పాత డ్రైవర్లు గడ్డిలో కూచుని, తిన్నగా కొట్టడం ఎలాగో నేర్చుకోవాలని కళ్ళార్పకుండా చూస్తుంటారు. ఆదివారమైతే గేటు ముందు నుంచి ఎర్రబస్సు వెళ్తుంది. తవిటినాయుడు రెండుసార్లు హారన్ కొడతాడు. సన్యాసినాయుడు తల ఎత్తడు.

నిన్న పొద్దున నూట పన్నెండో బంతి కూడా తిన్నగానే పోయింది.

"ఆహా, ఏం కొట్టేవు నాయుడా!" అన్నారు గడ్డిలో కూచున్నవాళ్ళు.

"నోర్ముయ్యండి," అన్నాడు సన్యాసినాయుడు. "ఇంకోటి వెయ్యండి."